కార్డు చేతిలో పెట్టి వైద్యం ఎగ్గొట్టారు

తెలుగువాళ్లకు సూరత్ అంటే లింబాయత్ మరమగ్గాలు, అక్కడికి వలసపోయిన మన నేత కార్మికులు. నగరం దాటి బార్డోలీ వైపు వెళ్తే ఇంకో వలస ఉంది. ఏటా డాంగ్స్, తాపీ, నందుర్‌బార్, ధూలే జిల్లాల ఆదివాసీ కుటుంబాలు చెరకు నరకడానికి వచ్చి, ఎండాకాలం దాకా గుడారాల్లో బతుకుతాయి. వలసల మీద పరిశోధన చేస్తున్న నాకు సెమినార్లలో తరచూ ఎదురయ్యే మాట: “ఆయుష్మాన్ కార్డు దేశమంతా చెల్లుతుంది. వాళ్లకే అవగాహన లేదు.”

ఈ మాట పథకం తప్పును కూలీ నెత్తిన పెడుతుంది.

2018లో మొదలైన ఆ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వైద్యం అంటుంది. కానీ ఆసుపత్రిలో చేరితేనే. కత్తి దెబ్బ, జ్వరం, నడుము నొప్పి, పసిబిడ్డ విరేచనాలు - వీటికి కావాల్సింది ఓపీ వైద్యం, మందులు. అక్కడ కార్డు పనికిరాదు. సర్కారు దవాఖానా ఉచితమే కదా అంటారు. వెళ్లాలంటే పని మానాలి. ఇక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక ‘కోయతా’; కూలి టన్నుకింత. ఒకరు మంచాన పడితే ఇద్దరి కూలికీ గండి. ముకద్దం ఇచ్చిన అడ్వాన్సు మాత్రం తీరాల్సిందే. అంటే జబ్బు ముదిరేదాకా ఈ బీమా కూలీ గుడారం వైపు చూడదు.

ఆరోగ్య భద్రత దానం కాదు, హక్కు. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, 1944లో, అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇచ్చారు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఆ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. వాటిలో చక్కెరను పేరుపెట్టి చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా అదే దారి పట్టింది. ఇక చెరకు నరికేవాళ్లు ఫ్యాక్టరీ లెక్కలో అసలు కార్మికులే కారు, ముకద్దం మనుషులు! తోటలో ఉంటే వ్యవసాయ కూలీ, గేటు దాకా వస్తే సీజనల్. ఎటు చూసినా బయటే.

ఎవరు బయట? ఆదివాసులు, భూమిలేనివాళ్లు. ఇది చట్టం మరిచిపోవడం కాదు, కులం గీసిన గీత.

నరికిన ప్రతి టన్నుకూ ఫ్యాక్టరీ దగ్గర లెక్కుంది. ఆ టన్ను మీదే ఆరోగ్య చందా యాజమాన్యం కట్టాలి. సీజన్ పొడుగునా గుడారాల దగ్గరికే డాక్టరు, మందులు రావాలి. జబ్బు రోజులకు కూలి ఇవ్వాలి. ఈఎస్ఐ నుంచి సీజనల్ మినహాయింపు ఎత్తేయాలి. అప్పటిదాకా అవగాహన పాఠాలు కూలీకి కాదు, చట్టం రాసేవాళ్లకు చెప్పండి.

జై భీమ్.