ఆ ఏళ్లు ఖాళీ కావు

పోయిన నెల మా వీధిలో ఉండే ఒకామె ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. బి.కాం. చదివింది. ఆరేళ్లు ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసింది. 2016లో రెండో కాన్పుకని ఉద్యోగం మానేసింది. పిల్లలు కాస్త పెద్దయ్యేసరికి అత్తగారికి పక్షవాతం. ఆమెకు చివరిదాకా చాకిరీ చేసింది. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఫైల్లో మూడు సర్టిఫికెట్లున్నాయి: ట్యాలీ, జీఎస్టీ, స్పోకెన్ ఇంగ్లీషు. మూడోదాని ఫీజుకు గాజులు తాకట్టు పెట్టిందట. "ఇంకే కోర్సు చేస్తే ఉద్యోగమిస్తారక్కా?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒకప్పుడు నేనూ ఇదే ప్రశ్న వేసుకున్నదాన్నే. పి.హెచ్.డి. అయ్యాక పాప పుట్టి నాలుగేళ్లు ఇంట్లో ఉండిపోయాను. తర్వాత అమీర్‌పేటలో ఆరు వారాలు గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. పాఠం బాగానే చెప్పారు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళితే దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఈ నాలుగేళ్లూ ఖాళీగానే ఉన్నారా? పాపనిప్పుడు ఎవరు చూసుకుంటారు?" ఈ రెండే అడిగారు. చివరికి నాకు పని దొరికింది సర్టిఫికెట్ వల్ల కాదు, యూనివర్సిటీలో తెలిసినవాళ్లు ఉండటం వల్ల. అలాంటి పరిచయాలు లేని ఇంటి నుంచి వచ్చిన స్త్రీకి ఆ దారి కూడా ఉండదు.

చిన్న కోర్సులు దండగ అని నేననడం లేదు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. అంతకుముందు లెక్కల పని మానేసినవాళ్లు కొత్త పద్ధతి నేర్చుకోక తప్పదు. నేర్చుకోవడం వల్ల ధైర్యమూ వస్తుంది. నాలుగు గోడలు దాటి నలుగురితో కూర్చోవడమే చాలామందికి పెద్ద ఊరట. నా అభ్యంతరం వేరు. పనిలో వచ్చిన మార్పు వల్ల ఏర్పడిన లోటును కోర్సు పూడుస్తుంది. యజమాని మనసులో ఉన్న వివక్షను ఏ కోర్సూ పూడ్చలేదు. రెండోదాన్ని మొదటిదిగా చూపించి ఫీజు వసూలు చేసే వ్యాపారం మాత్రం బాగా సాగుతోంది.

అసలు 'ఖాళీ' అన్న మాటనే ప్రశ్నించాలి. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో ఇద్దరికీ కాస్త తగ్గాయిగానీ తేడా అలాగే ఉంది. పసిపిల్లల్నీ రోగుల్నీ చూసుకునే సమయం ఈ లెక్కకు అదనం. ఇంత పని చేసిన మనిషిని ఖాళీగా ఉందనడం ఏ న్యాయం? ఆమె చేసిన చాకిరీ వల్లే భర్త ఉద్యోగంలో 'గ్యాప్' రాలేదు. అనుభవం ఆయన ఖాతాలో, ఖాళీ ఈమె ఖాతాలో!

బాధ్యత ఎవరిదో చట్టం కొంతవరకూ చెప్పింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లల వరకూ 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. అంతకంటే చిన్న ఆఫీసులకు ఈ నియమం లేదు. మా వీధి ఆమె పనిచేసింది అలాంటి చోటే. యజమానీ ప్రభుత్వమూ భర్తా పంచుకోవాల్సిన భారమంతా ఒక్క స్త్రీ మీద పడింది. అది చాలదన్నట్టు తిరిగి రావడానికయ్యే ఖర్చు కూడా ఆమె గాజుల మీదే పడింది.

వేరే దారి లేదా అంటే, ఉంది. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. సైన్సు చదివి మధ్యలో పని ఆగిపోయిన స్త్రీలకు అందులో పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చారు. ఒక విభాగంలో పేటెంట్ల పనిలో ఏడాది పాటు స్టైపెండ్‌తో శిక్షణ ఇచ్చారు. అంటే నేర్చుకునే స్త్రీ ఫీజు కట్టలేదు, ఆమెకే డబ్బిచ్చారు. శాస్త్రవేత్తలకు సాధ్యమైనది అకౌంటెంటుకు, టీచరుకు, నర్సుకు ఎందుకు సాధ్యం కాదు?

అందుకని కోర్సులో చేరబోయే స్త్రీలకు నాదొక మాట. ముందు నాలుగు ఉద్యోగ ప్రకటనలు చూసి, ఏ పని రావాలంటున్నారో తెలుసుకోండి. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటే కాగితం మీద రాసిమ్మనండి. అక్కడ చదివి ఉద్యోగంలో చేరిన ఇద్దరితోనైనా మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. అప్పు చేసే ముందు అది చూడండి. దరఖాస్తులో ఆ ఏళ్లను దాచుకోకండి. ఏం చేశారో రాయండి.

సంఘాలుగా మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. తిరిగి వచ్చే స్త్రీలకు స్టైపెండ్‌తో శిక్షణ కావాలి. శిక్షణ జరిగే చోట పిల్లల్ని చూసుకునే ఏర్పాటుండాలి. చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు బస్తీలోనే శిశు కేంద్రాలు కావాలి. "పిల్లల్నెవరు చూసుకుంటారు" అని ఇంటర్వ్యూలో స్త్రీలను మాత్రమే అడగడాన్ని వివక్షగా గుర్తించాలి.

ఆ రోజు ఆమెకు నేను చెప్పింది ఒక్కటే: "నాలుగో కోర్సు వద్దు. ముందు గాజులు విడిపించుకో." ఇద్దరం కూర్చుని ఆమె దరఖాస్తు మళ్లీ రాశాం. 2016 తర్వాత ఆమె వదిలేసిన ఖాళీ జాగాలో ఈసారి నాలుగు వాక్యాలు చేరాయి. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఆ ఖాళీకి జవాబు చెప్పుకోవాల్సింది తాను కాదని ఆమెకు తెలిసింది. మనందరికీ తెలియాల్సింది కూడా అదే.