ఎర్ర లైటు వైరు పీకేసే తెలివి మనకొద్దు

ఈ పోస్టు చదివి కొంతమందికి కోపం రావచ్చు. వచ్చినా సరే, దమ్ములు మొదలవ్వక ముందే ఈ మాట చెప్పాలి.

ట్రాక్టర్ మీటర్ బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మతో ఒక ఎర్ర లైటు ఉంటుంది. మన చుట్టుపక్కల పాత బండ్లలో ఎన్నిటికి అది పనిచేస్తోంది? నేను చూసినంతలో చాలా తక్కువ. అడిగితే "ఊరికే వెలుగుతోందని వైరు పీకించేశాం" అంటారు, అదేదో ఘనకార్యం అయినట్టు. పసిపిల్లాడు ఏడుస్తుంటే ఆకలేమో చూడకుండా నోట్లో గుడ్డ కుక్కినట్టుంది ఈ తెలివి.

ఆ లైటుకి కబురు పంపేది ఇంజన్ బ్లాకుకి బిగించిన చిన్న స్విచ్. ఇంజన్ తిరిగితే పంపు ఆయిల్‌ని తోస్తుంది, ఆ ప్రెషర్‌కి స్విచ్ లోపల పాయింట్లు విడిపోయి లైటు ఆరిపోతుంది. ప్రెషర్ పడిపోతే పాయింట్లు కలిసి లైటు వెలుగుతుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. వైరు తెగినా, ఎలుక కొరికినా, బల్బు మాడినా కూడా లైటు వెలగదు. అంటే ఇంజన్ బాగున్నప్పుడూ, కబురు చెప్పే దారి చచ్చిపోయినప్పుడూ బోర్డు ఒకేలా కనపడుతుంది.

"ఆయిల్ రోజూ పుల్ల పెట్టి చూస్తాం, చాలదా?" అంటారు. చాలదు. కింద చాంబర్‌లో ఆయిల్ ఎంత ఉందో పుల్ల చెప్తుంది, అది పైకి పారుతోందో లేదో చెప్పదు. జాలీ మడ్డి పట్టినా, పంపు అరిగినా, ఆయిల్‌లో డీజిల్ కలిసి పల్చబడినా పుల్ల మీద గీత నిండుగానే ఉంటుంది. లోపల మాత్రం బేరింగ్ షెల్స్ ఎండిపోయి క్రాంక్‌ని పట్టేస్తాయి.

ఇంకో మాట. ఈ స్విచ్‌లు చాలావరకు సుమారు అర కేజీ ప్రెషర్ దగ్గర పనిచేస్తాయి. పని మీద ఉన్న ఇంజన్‌కి కావాల్సింది అంతకి ఎన్నో రెట్లు. కాబట్టి లైటు వెలిగిందంటే అది మొదటి హెచ్చరిక అనుకోకండి, ఆఖరిది. "ఈ మడి అయ్యాక చూద్దాం" అనే ఓనర్లు, బండి ఆపితే డ్రైవర్ మీద కేకలేసే ఓనర్లు, రేపు ఇంజన్ పట్టేస్తే ఆ డ్రైవర్‌నే తిట్టే హక్కు ఎక్కడిది? ఎకరానికింత అని గదిమితే ఏ కుర్రాడు బండి ఆపుతాడు?

కొందరు మెకానిక్‌లకీ ఒక మాట. స్విచ్‌లు పాడవుతాయి, అబద్ధపు లైటు వెలుగుతుంది, నిజమే. కానీ స్విచ్ విప్పి అదే కన్నంలో ముల్లు గేజి బిగించి ప్రెషర్ చూడకుండా "స్విచ్ పోయింది, వదిలెయ్" అనడం రిపేరు కాదు. ప్రెషర్ బాగుంటే కొత్త స్విచ్ వేయండి. కొన్ని వందల పని అది. క్రాంక్ దాకా వెళ్తే వేలూ, లక్షలూ. పైగా సీజన్ మధ్యలో బండి షెడ్డులో, బ్యాంకు కిస్తీ నెత్తిన.

చేయాల్సింది పెద్దగా లేదు. రోజూ పొద్దున సెల్ఫ్ కొట్టక ముందు తాళం ఆన్ చేసి ఒక్క క్షణం చూడండి. లైటు వెలగాలి. స్టార్ట్ అయిన కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే స్విచ్ వైరు ఊడదీసి, తాళం ఆన్‌లోనే ఇంజన్ బాడీకి తాకించండి. అప్పుడు వెలిగితే స్విచ్ పోయినట్టు, లేకపోతే వైరో బల్బో ఫ్యూజో చూడాలి. దమ్ము అయ్యాక స్విచ్ చుట్టూ బురద కడిగి ఆరబెట్టండి, టెర్మినల్ తుప్పు గీకండి, వైరు సైలెన్సర్‌కి తగలకుండా కట్టండి. స్విచ్ మరకి టేపు మందంగా చుట్టొద్దు. ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ ఆ మర నుంచే అందాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు రంగు, టైర్లు తర్వాత చూడండి. ముందు తాళం తిప్పి ఆ లైటు వెలుగుతుందేమో చూడండి. వెలగకపోతే, ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. కోత మిషన్ ఓనర్లకీ ఇదే లెక్క, ఆ ఇంజన్ ఆగితే ఊరంతటి కోతా ఆగుతుంది.

రేపు పొద్దున మీ బండి తాళం తిప్పి చూసి, లైటు వెలిగిందో లేదో కింద కామెంట్‌లో రాయండి. వెలగనోళ్లు సిగ్గుపడొద్దు, సాయంత్రానికల్లా స్విచ్ వేయించండి.