పదిహేనుకూ యాభైకీ నడుమ

మొన్న నా పాత విద్యార్థి ఒకడు పెళ్ళిపత్రిక ఇవ్వవచ్చి, రేకుల పందిరి కింద చక్రం విప్పుకొని కూర్చున్న నన్ను చూశాడు. "సారూ, గీ డొక్కు బండిని ఇంకెన్నేండ్లు సాకుతరు? తుక్కుకేస్తే నాలుగు పైసలన్న వస్తయి" అన్నాడు. శుభకార్యానికి పిలవ వచ్చినవానితో వాదమెందుకని ఊరకున్నాను. చెప్పని జవాబు కడుపులో నిలవదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ బండి పేరు బాదల్. బెంగుళూరులోని సన్‌రైజ్ ఆటోమోటివ్ ఇండస్ట్రీస్ వారు 1970లలో తయారుచేసిన మూడు చక్రాల చిన్న కారు. ముందొక చక్రం, వెనుక రెండు. ఇంజను వెనుకనే, 198 సి.సి. ఒళ్ళంతా ఫైబర్‌గ్లాసు. ఆ సంస్థే తరువాత సిపానీగా మారి, 1982లో డాల్ఫిన్ అనే నాలుగు చక్రాల కారును తెచ్చింది. నాది 1978 నాటిది. 1990లో సెకండ్‌హ్యాండులో కొన్నాను. కరీంనగర్ జిల్లాలో కాలుపెట్టిన ఆ బండి, నిలిచినచోటనే నిలిచి, 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాకు చేరుకొంది!

మొదట తుక్కు మాట. ఇనుమును కరిగించవచ్చు. ఫైబర్‌గ్లాసును కరిగించి మళ్ళీ పోతపోయడం కుదరదు. ఒకసారి గట్టిపడిన రెజిన్ మరి ద్రవం కాదు. పాత సామాన్లవాడు ఇంజనునూ ఇరుసునూ తూకం వేసుకొని, ఆ ఒంటిని ఏ వాగు ఒడ్డునో పారవేసిపోతాడు. అదే ఒంటికి పగులు వస్తే నేను ఇంట్లోనే అతుకుతాను. పగులు చుట్టూ గరుకుకాగితంతో రుద్ది, గాజునారల మ్యాట్‌ను ముక్కలుగా కత్తిరించి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి, పొరమీద పొర వేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. మా ఎండలకు హార్డెనర్ పిసరంత ఎక్కువైతే చాలు, రెజిన్ గిన్నెలోనే రాయి అవుతుంది. అలా మూడు గిన్నెలు పోగొట్టుకొన్న తరువాత గాని, ఈ పని తెల్లవారుజామున చేయవలసినదని నాకు బోధపడలేదు. ఆ గిన్నెల సంగతి ఇంట్లో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

ఇక శాసనం మాట. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటితే 10,000 అని 2025లో మరొక ప్రకటన. అదే బండి యాభై ఏళ్ళు నిండేదాకా బ్రతికిందా, 2021 నాటి నిబంధనల ప్రకారం అది 'వింటేజ్', జాతిసంపద! పదిహేనేళ్ళకు భారమైనది యాభై ఏళ్ళకు రత్నమెట్లయింది? నడుమ ముప్పై అయిదేళ్ళు దానిని సాకినదెవరు? ఏ ప్రదర్శనశాల సాకింది? చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను అందరూ చూసి వస్తారు. రాజుగారి కారుకు కాపలా ఉంటుంది. బడిపంతులు కారుకు ఆ పంతులే దిక్కు.

పోనీ, యాభై నిండాక? వింటేజ్ గుర్తింపు పొందిన బండిని నిత్యమూ రోడ్డెక్కించరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే. పైగా ఆ నిర్వచనం రెండు చక్రాల వాటిని చెప్పింది, నాలుగు చక్రాల వాటిని చెప్పింది. మూడు చక్రాల ఊసే లేదు! విశ్వామిత్రుడు త్రిశంకుడికి కనీసం ఒక స్వర్గం కట్టి ఇచ్చాడు.

వ్యాకరణం చెప్పేటప్పుడు ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని పిల్లలకు వివరించేవాణ్ణి. ఆగమం ఉన్న అక్షరాన్ని ఉండనిచ్చి పక్కన చేరుతుంది. ఆదేశం ఉన్నదాన్ని వెళ్ళగొట్టి ఆ చోట కూర్చుంటుంది. మరమ్మతు ఆగమం. కొత్త బండి ఆదేశం. మనకిప్పుడు అన్నీ ఆదేశాలే.

టూ-స్ట్రోక్ ఇంజను పొగ వదులుతుంది కదా అంటారు. నిజమే, వదులుతుంది. నూనె పాళ్ళు కొలిచి కలిపి, సైలెన్సర్‌లోని మసిని ఏటేటా గీకితే తగ్గుతుంది గాని పోదు. వారానికి రెండుసార్లు మానేరు వంతెన దాటి సిరిసిల్ల అంగడికి వెళ్ళివచ్చే పొగ అది. బ్రేకు చూడండి, దీపాలు చూడండి, పొగ కొలవండి, తప్పితే ఆపండి. పరీక్షకు నేను వ్యతిరేకిని కాను, బ్రతుకంతా పరీక్షలు పెట్టినవాణ్ణే. వయసును చూసి జరిమానా వేయడమే అన్యాయం. వంతెనకు ఆవలి ఒడ్డున దశాబ్దాల నాటి సాంచాలు నేటికీ గుడ్డ నేస్తున్నాయి. నేస్తున్నదా లేదా అని అడుగుతారే గాని, దాని పుట్టిన తేదీ ఏ ఆసామీ అడగడు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. బండిని నాలుగు రోజులు నిలిపితే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టాలి. గొట్టాలన్నీ మార్చాను, ట్యాంకు కుళాయి వాషరు ఒక్కటి మిగిలింది. పెళ్ళి వచ్చే గురువారమట. అప్పటికి అది దొరికితే బాదల్‌లోనే వెళ్తాను.