కాలేయ వ్యాధియు, లోకుల తీర్పును

కాలేయము గట్టిపడి, కడుపున నీరు చేరి యెవరైన మరణించినయెడల మన వీధులలో వినవచ్చు మాట యొక్కటే: "త్రాగియుండును." జన్మములో కల్లుముంత ముట్టని యిల్లాలికిని ఈ యపవాదు తప్పుట లేదు. ఇది న్యాయమా యని పాఠకలోకమును ప్రశ్నించుచున్నాము.

మద్యము కాలేయమును చెఱచుననుట నిజము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినది ఊరక కాదు. 1995లో వచ్చిన మద్యనిషేధము రెండేండ్లకే యెందులకు సడలినదో, ఖజానా లెక్కలెఱిగిన వారికి చెప్పనక్కఱలేదు. అయినను దోషమంతయు సీసాపై నెట్టి యూరకుండుట చెల్లదు.

1960 తరువాతి దశకమున బ్లంబర్గు అను అమెరికా శాస్త్రజ్ఞుడు హెపటైటిస్-బి జాడ కనుగొనెను. 1989లో సి బయటపడెను. ఈ సూక్ష్మజీవులు నెత్తుటి మూలమునను, శుభ్రము చేయని సూదుల మూలమునను దేహమున జొచ్చి, ఇరువది ముప్పది యేండ్లు చప్పుడు చేయక, తుదకు కాలేయమును ముడుచునట్లు చేయును. కొందఱికి కేన్సరు తెచ్చును. ఈజిప్టు దేశమున నీటి పురుగుల వలని వ్యాధిని మాన్పుటకై 1950 మొదలు కొన్ని దశాబ్దములు ప్రభుత్వమే యూరూర సూదులు వేయించెను. ఆ సూదులే లక్షలమందికి సి నంటించెను. తరువాత 2018-19లో ఆ దేశమే సుమారు అయిదుకోట్ల ప్రజలను పరీక్షించి, రోగులకు ఉచితముగా మందిచ్చినది. తప్పును దిద్దుకొనిన తీరు మనము గమనింపదగినది.

బి తల్లినుండి శిశువునకు సంక్రమించును. పెద్దవారిలో నూటికి అయిదుగురికైనను నిలువదు. పురిటిలో సోకిన శిశువులలో పదింట తొమ్మిదిమందికి దీర్ఘకాలము నిలిచిపోవును. 1984 నుండి తైవానువారు పుట్టిన బిడ్డలకు టీకా వేయగా బాలురలో కాలేయపు కేన్సరు తగ్గిపోయెను. ఆ టీకా మనకు దిగుమతి సరకై, పేదకు అందని ధర పలుకుచుండగా, 1997లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ స్వదేశముననే తయారుచేసి ధరను దించినది. తెలుగువాడు గర్వింపదగిన పనియే. కాని ఆ మందు పుట్టిన ఇరువది నాలుగు గంటలలో పడవలెను. నామకరణమునకు ముహూర్తము చూతుము గాక, దీనికి వలదు.

ఇక మూడవ శత్రువు కొవ్వు. కుర్చీ కొలువు, మూడుపూటల అన్నము, మధుమేహము, పెరిగిన పొట్ట, ఇవి చాలును. త్రాగని వానికి వచ్చిన ఈ జబ్బునకు వైద్యులు సైతము మద్యము పేరు తొలగింపక "మద్యరహిత కొవ్వు కాలేయ" మని చిరకాలము వ్యవహరించి, 2023లో గాని ఆ పేరు మార్చలేదు! మన పట్టణములలో ఈ వ్యాధి నానాట హెచ్చుచున్నది.

కామెరలు వచ్చినవారు పసరు త్రాగి, కన్నుల పచ్చదనము పోగానే నిశ్చింతగా నుందురు. అనేకములు తామే తగ్గును. బి, సి లు లోపల నిలిచియుండవచ్చును. పరీక్షకు కొంచెము నెత్తురు చాలును. సి మూడు మాసముల మందుతో సామాన్యముగా నశించును; బి అదుపులో నుండును. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ కేంద్రములలో ఈ పరీక్షయు మందును ఉచితము. ఈ సంగతి పెద్ద యక్షరములతో వ్రాయించి పఠనమందిరపు గోడకు తగిలింపుడని కార్యదర్శులను కోరుచున్నాము.