ఇన్సూరెన్స్ లేని బండికి ప్రమాదం జరిగితే: మార్కాపురం ప్రాంత వాహన యజమానుల వినతిపత్రం

గౌరవనీయులైన సబ్ కలెక్టర్ గారికి, మార్కాపురం.

విషయం: ఇన్సూరెన్స్ లేని వాహనాలకు ప్రమాదం జరిగినప్పుడు యజమానిపైనా, బాధితులపైనా పడే ఖర్చుల భారం తగ్గించమని కోరుతూ.

అయ్యా,

మేము మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో సొంత కారో, ఆటోనో, మినీ లారీనో నడుపుకుని బతికేవాళ్లం. పలకల లోడైనా, శ్రీశైలం యాత్రికులైనా, ఏ కిరాయి దొరికితే అది వేసుకుని నల్లమల ఘాట్ రోడ్లలో తిరుగుతుంటాం. కిరాయిలు తగ్గిన నెలల్లో ముందు ఫైనాన్స్ వాయిదా కడతాం. ఇన్సూరెన్స్ ఆగిపోతుంది.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా; మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. దాన్ని మాఫీ చేయమని అడగడం లేదు. ప్రమాదం జరిగాక పడే ఖర్చు ముందు ఆ జరిమానా ఏపాటిది? మా బండి రిపేరు, అవతలి బండి నష్టం, గాయపడినవారి పరిహారం అన్నీ యజమాని నెత్తినే పడతాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, ఇన్సూరెన్స్ లేని బండి వల్ల ఎవరైనా చనిపోయినా, గాయపడినా తగిన పూచీ చూపితేనే కోర్టు దాన్ని వదులుతుంది. మూడు నెలల్లో చూపలేకపోతే వేలం వేస్తారు. బతుకుతెరువు పోయిన యజమాని పరిహారం ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? చివరికి బాధితుడికీ పూర్తి పరిహారం అందదు.

కాబట్టి మా డిమాండ్లు:

1. మూడు నెలలకోసారి నాలుగు పట్టణాల్లో రవాణా శాఖ, ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు కలిసి రెన్యువల్ శిబిరాలు పెట్టాలి. థర్డ్ పార్టీ పాలసీతో సొంత బండి రిపేరుకు పైసా రాదని, దానికి ఓన్ డ్యామేజ్ కవర్ తీసుకోవాలని అక్కడే వివరించాలి.

2. ప్రీమియాన్ని నెలవారీ వాయిదాతో కలిపి కట్టే వీలు కల్పించేలా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలతో మాట్లాడాలి. ప్రమాదంలో బండి ఆగిపోతే కనీసం మూడు వాయిదాలకు గడువివ్వాలి.

3. ప్రమాదం తర్వాత పోలీస్ స్టేషన్‌కు చేరిన బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రెండు రోజుల్లో తనిఖీ చేయాలి. ఫొటోలు, వీడియో తీసి, బండ్లను నీడలో ఉంచాలి. పట్టుబడ్డ వాహనాలను స్టేషన్లలో ఏళ్లతరబడి పెట్టవద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

4. ఎవరికీ గాయాలు కాని కేసుల్లో పెద్దమనుషుల పంచాయితీలకు వదిలేయకుండా, రిపేరు ఎస్టిమేట్‌ను బట్టి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చి, వాయిదాల్లో కట్టే అవకాశమివ్వాలి.

5. 2025 మే నుంచి అమల్లో ఉన్న నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేర వైద్యం అందాలి. ఏ ఆసుపత్రుల్లో అందుతుందో ప్రతి పోలీస్ స్టేషన్‌లో, టోల్ ప్లాజాలో తెలుగులో బోర్డు పెట్టాలి.

పై అంశాలపై నెల రోజుల్లోగా రవాణా, పోలీసు, బ్యాంకు అధికారులతో మా ప్రతినిధుల సమావేశం ఏర్పాటు చేసి, ఏ పని ఎవరు ఎప్పటికి చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల కారు, ఆటో, మినీ లారీ యజమానులు, డ్రైవర్లు

నకళ్లు: డీఎస్పీ గారికి, రవాణా శాఖ అధికారి గారికి, మండల న్యాయసేవాధికార కమిటీకి.