పెట్టె మీది అంకె

ఒకనాటి రాత్రి ఇషా నమాజు ముగించుకొని మండీబజారులో మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక పెద్దమనిషి సలాము చేసి నన్ను ఆపారు. చేతిలోని ఫోను నా ముందు పెట్టారు. తెర మీద ఎనిమిది యాంటెన్నాలతో, వెల్లకిలా పడిన సాలీడులా ఉన్న ఒక నల్లని రౌటర్. ధర 28 వేల రూపాయలు. "మౌలానా సాబ్! మా పెద్దవాడు ఇది కావాలని పట్టుబడుతున్నాడు. ఇది లేకపోతే ఆ కళ్లకు కట్టుకునే ఆట సరిగా ఆడదట. కొంటే ఇస్రాఫ్ అవుతుందా, కాదా? మీరు ఒక్క మాట చెబితే ఇంట్లో గొడవ తీరుతుంది" అన్నారు.

దుబారా గురించి సూరె బనీ ఇస్రాయీల్ చేసిన హెచ్చరిక మనందరికీ తెలిసినదే. అయితే ఒక వస్తువు దేనికి ఉపయోగపడుతుందో, ఎంత అవసరమో విచారించకుండా దాన్ని దుబారా అనటమూ తొందరపాటే, కాదనటమూ తొందరపాటే. అందుకే ఆదివారం అస్ర్ నమాజు తర్వాత వారింటికి వస్తానని మాట ఇచ్చాను. 2020లో మదరసా పాఠాలను ఫోను ద్వారా చెప్పవలసి వచ్చినప్పటి నుంచి ఈ పెట్టెలతో నాకూ కొంత పరిచయం ఏర్పడింది. మిగిలినది ఈ రంగంలో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరిని అడిగి తెలుసుకున్నాను.

ఆ అబ్బాయి బి.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాడు. రియాద్‌లో ఉన్న మేనమామ హెడ్‌సెట్‌ను కానుకగా తెచ్చారు. చదువు కోసం కొన్న మంచి కంప్యూటర్ ఉంది. ఆట కంప్యూటర్‌లో నడుస్తుంది. దృశ్యం గాలి ద్వారా హెడ్‌సెట్‌కు చేరుతుంది. కానీ బొమ్మ మాటిమాటికీ ఆగి అదురుతోంది, తల తిరుగుతోంది. ఇంటర్నెట్ వారు ఇచ్చిన పెట్టె క్రింద వీధి గుమ్మం దగ్గర చెప్పుల అలమర మీద ఉంది. కుర్రవాడు ఆడేది మేడ మీద వెనుక గదిలో, తలుపు మూసుకొని.

"ఇంటర్నెట్ వేగం పెంచించాం మౌలానా సాబ్, నెలకు 300 రూపాయలు ఎక్కువ కడుతున్నాం. ఏమీ మారలేదు" అన్నారు తండ్రి.

మారదు. ఎందుకంటే ఈ దృశ్యం ఇల్లు దాటి బయటికి పోదు. కంప్యూటర్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కు. తల తిప్పిన సంగతి మళ్లీ అదే దారిన వెనక్కి. ముందు గది నుంచి వంటగదికి పంపే చీటీకి తపాలా బండి వేగంతో ఏం పని? ఆటను మొదట దించుకోవటానికీ, దూరాన ఉన్నవారితో ఆడటానికీ మాత్రమే ఇంటర్నెట్ కావాలి. ఇక్కడ లెక్క వేరు. సెకనుకు 90 చిత్రాలు చూపాలంటే ఒక్కొక్క చిత్రానికి దక్కే వ్యవధి 11 మిల్లీసెకన్లు. కాస్త ఆలస్యమైతే కన్ను ఒకటి చెబుతుంది, శరీరం మరొకటి చెబుతుంది. తల తిరగటానికి కారణం అదే.

మొదటి లోపం వెంటనే కనిపించింది. కంప్యూటర్ కూడా వైఫై మీదే ఉంది. అంటే ప్రతి చిత్రమూ ఒకే గాలి దారిలో రెండుసార్లు ప్రయాణిస్తోంది. కంప్యూటర్‌ను రౌటర్‌కు తీగతో కలిపితే ఆ భారం సగానికి తగ్గుతుంది. ఆ తీగ ఖరీదు కొన్ని వందలు. అయితే రౌటర్ వెనుక తీగ గుచ్చే రంధ్రం గిగాబిట్‌దై ఉండాలి. కొత్త తరం వైఫై అని ముద్ర ఉన్న కొన్ని చవక రౌటర్లలోనూ ఆ రంధ్రం 100 మెగాబిట్లదే. ఈ ఆటల దృశ్యం సెకనుకు 100 నుంచి 200 మెగాబిట్లు కోరుతుంది. ద్వారమే ఇరుకైతే లోపలి హాలు ఎంత విశాలమైనా ప్రయోజనం లేదు.

ఇక పెట్టె మీది అంకె. మదీనా బజారులో దైవప్రవక్త (సల్లం) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూసిన సంఘటన పాఠకులు ఎరిగినదే. పైన పొడి గింజలు, లోపల తడి. వానకు తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెబితే, ఆ తడిని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త నిలదీశారు. మన ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకువెళ్లిన ప్రతి రైతుకూ తేమ పరీక్ష అంటే ఏమిటో తెలుసు. రౌటర్ పెట్టెకు కూడా ఆ పరీక్ష కావాలి. ఏఎక్స్ 3000 అని పెద్ద అక్షరాలలో ఉంటుంది. అది 574, 2402 అనే రెండు అంకెల కూడిక. రెండు వేర్వేరు తరంగ పట్టీల సామర్థ్యం. ఏఎక్స్ 1800 అంటే 574, 1201. హెడ్‌సెట్ ఒక సమయంలో ఒక పట్టీనే వాడుకుంటుంది. పైగా అవి అడ్డూ పోటీ లేనప్పటి గరిష్ఠాలు, ఇంట్లో దక్కేది అందులో కొంత మాత్రమే. కంపెనీలు అబద్ధం వ్రాశాయని నేననటం లేదు, వివరం చిన్న అక్షరాలలో ఉంటుంది. కానీ పొడి గింజలే పైన ఉన్నాయి. అలాగే యాంటెన్నాలు. హెడ్‌సెట్‌లో సాధారణంగా ఉండేవి రెండే. అవతల ఎనిమిది నిలబెట్టినా ఈ రెండూ ఎనిమిది కాబోవు. 200 మెగాబిట్ల పనికి 1201 పట్టీ ధారాళంగా సరిపోతుంది.

ఇప్పుడు 6 గిగాహెర్ట్జ్ అనే మాట కూడా దుకాణాలలో వినిపిస్తోంది. మన ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మరింత భాగాన్ని 2018లో లైసెన్సు లేకుండా వాడుకోవటానికి వదిలింది. 6 గిగాహెర్ట్జ్ దిగువ భాగానికి 2025 మే నెలలో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. క్వెస్ట్ 3 ఆ పట్టీని అందుకోగలదు, క్వెస్ట్ 2 అందుకోలేదు. ఈ అబ్బాయి వద్ద ఉన్నది క్వెస్ట్ 2. చెవికి వినపడని స్వరానికి సొమ్ము చెల్లించటం ఎందుకు?

అసలు అడ్డు గోడ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటుతుంది గానీ, అక్కడ ఇరుగుపొరుగు వైఫైలూ బ్లూటూత్‌లూ కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ దారి విశాలం, అయితే గోడకూ స్లాబుకూ త్వరగా నీరసిస్తుంది. మధ్యలో ఎక్స్‌టెండర్ పెడితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆడే గదిలోనే, కంటికి ఎదురుగా రౌటర్ ఉండాలి. 28 వేలదైనా, 4 వేలదైనా దీనికి మినహాయింపు లేదు.

"అయితే హజ్రత్, 4 వేలదే కొని నా గదిలో పెట్టుకుంటాను" అన్నాడు కుర్రవాడు ఉత్సాహంగా.

అంతవరకు తలుపు చాటున నిలబడి వింటున్న తల్లి అప్పుడు మాట్లాడింది. "అన్నానికి పిలిస్తే వినపడదు, అజాన్ వినపడదు. సరే అనుకున్నాం. మొన్న దాదీ స్నానాల గది దగ్గర జారిపడింది. నేనొక్కదాన్నే లేపలేక క్రింద నుంచి పేరు పెట్టి అరిచాను, అరగంట అరిచాను." ఆ ఇంట్లో గొడవ 28 వేల గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. కుర్రవాడు తల వంచుకున్నాడు. ఈ సంగతి అతడికి మొదటిసారి తెలిసినట్లు ముఖం చెబుతోంది.

వినోదాన్ని మన ధర్మం నిషేధించలేదు. ప్రవక్త (సల్లం) ఆయిషా (రజి) గారితో పరుగు పందెం వేసిన సంగతి హదీసులలో ఉంది. కానీ ఈ పరికరం కళ్లను పూర్తిగా కప్పుతుంది, చెవులను సగం కప్పుతుంది. అలాంటి దాన్ని తలుపు మూసిన గదిలో ఉంచటం నాకు నచ్చదు. ఎక్కడ రౌటర్ ఉంటే అక్కడే ఆట గనుక, ఏ రౌటర్ అన్న దానికంటే ఏ గది అన్నది పెద్ద ప్రశ్న. అది తల్లిదండ్రులు నిర్ణయించవలసినది.

"హాలులో పెట్టు బేటా" అన్నాను.

"హాలులో అందరూ తిరుగుతుంటారు కదా హజ్రత్!"

తిరుగుతారు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం ఆ ఇంట్లో ఉన్నది కూడా అక్కడే. కంప్యూటర్ తెర మీద అదే దృశ్యం కనిపిస్తుంది కాబట్టి కొడుకు ఏ ఆట ఆడుతున్నాడో తండ్రి చూడవచ్చు. కొన్నిటిని చూడక తప్పదు కూడా.

మరుసటి వారం హన్మకొండ చౌరస్తాలో ఒక దుకాణానికి ముగ్గురం వెళ్లాం. తీగ రంధ్రం వేగమెంతో అక్కడివారు చెప్పలేకపోయారు, అంకెలు మాత్రం గడగడా చదివారు. బయటికి వచ్చి రెండో దుకాణంలో, వివరాల కాగితం చదివి, ఏఎక్స్ 1800 రకం ఒకటి 4 వేల లోపు తీసుకున్నాం. పాత పెట్టె నుంచి తీగ తెచ్చి దీన్ని యాక్సెస్ పాయింట్ పద్ధతిలో ఉంచాం. దాని 5 గిగాహెర్ట్జ్ పేరు హెడ్‌సెట్‌కు మాత్రమే. ఇంటి ఫోన్లన్నీ పాతదాని మీదనే. ఛానల్ వెడల్పు 80 వద్ద ఆపమన్నాను. అవసరానికి మించి పరచుకుంటే పక్కింటివారి వాటా గాలిని మనం ఆక్రమించినట్లే. పొరుగువారి హక్కు గోడతో ఆగిపోదు.

అదురు దాదాపు పోయింది. తీగను గోడ వెంట బిగించే పని తండ్రీ కొడుకులు కలిసి చేశారు. దాదీ మంచం దగ్గరికి వచ్చేసరికి కుర్రవాడు మేకులు పీకి, ఆమె కాలికి తగలకుండా తీగను గుమ్మం పైనుంచి త్రిప్పి మళ్లీ కొట్టాడు. రెండు మేకులు మిగిలి ఉండగా మగ్‌రిబ్ అజాన్ వినిపించింది.