మా తమ్ముడి చెరువు, మా ఇంటి ఫ్రీజరు

కార్తీక మాసంలో రొయ్యల గురించి రాస్తున్నానని అమ్మకి తెలిస్తే చీవాట్లు తప్పవు. వండడం లేదమ్మా, రాస్తున్నానంతే. నిజం చెప్పాలంటే ఏప్రిల్ నుంచి మా ఇంట్లో రొయ్యలు తిన్నదానికన్నా వాటి గురించి మాట్లాడుకున్నదే ఎక్కువ.

మా పుట్టిల్లు భీమవరం దగ్గర ఓ పల్లె. నాన్న రోజుల్లో వరి చేలు. తర్వాత ఊళ్ళో అందరూ చెరువులు తవ్వితే మేమూ తవ్వాం. ఇప్పుడు తమ్ముడు సొంతానివి మూడెకరాలు, లీజుకి తీసుకున్నవి ఐదెకరాలు చేస్తున్నాడు. అన్నీ వనామీ రొయ్యలే. నేను బి.ఎస్సీ. జువాలజీ. ప్రాక్టికల్స్‌లో రొయ్య కాళ్ళు, మీసాలు ఒక్కొక్కటీ ఊడదీసి అట్ట మీద వరసగా అంటించి పేర్లు రాసినదాన్ని. ఇరవై ఏళ్ళ తర్వాత హ్యూస్టన్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని అదే రొయ్య మీద సుంకాల లెక్కలు వేస్తానని అప్పుడు అనుకోలేదు.

ఏప్రిల్ 2న ట్రంప్ గారు అట్ట పట్టుకుని దేశాల పేర్లు చదివారు, గుర్తుందా? మన దేశం ఎదురుగా 26 శాతం అని ఉంది. మా వారు సెల్లులో 401కె ఎంత పడిందో చూసుకుని ఉస్సురన్నారు. నేను పప్పు తాలింపు పెడుతున్నాను. అప్పుడే తమ్ముడి ఫోను. అక్కడ ఇంకా పొద్దున్నే.

"అక్కా, మీవాళ్ళు ఏదో అన్నారటగా. ఇవాళ పట్టుబడి ఉందన్న రైతు దగ్గరికి కంపెనీ బండి రాలేదు."

"మీవాళ్ళు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేము ఇక్కడ ఓటు కూడా లేనివాళ్ళం. అయినా వాడి లెక్కలో నేను ఇటువైపు మనిషిని.

అప్పటికి ఒక్క డాలరు సుంకం కూడా ఎవరూ కట్టలేదు. కానీ రెండు రోజుల్లో మా ఊళ్ళో కిలోకి ముప్పై, నలభై రూపాయలు తగ్గించేశారు. చంద్రబాబు గారు కేంద్రానికి ఉత్తరం రాశారు. ఏప్రిల్ 9న ఇక్కడ 90 రోజులు వాయిదా అన్నారు, ఈలోగా మనకి 10 శాతం చాలన్నారు. ధర కొంచెం కోలుకుంది. తమ్ముడికి ధైర్యం వచ్చింది. మే నెల మధ్యలో పెద్ద చెరువులో పిల్లని వదిలాడు. "ఈలోగా ఏదో ఒకటి తేలిపోద్ది కదక్కా" అన్నాడు.

వనామీ పంటకి నూట పది రోజులు పడుతుంది, అటూ ఇటూగా. మే మధ్య నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, ఆగస్టు చివరికి వస్తుంది. ఆగస్టు 7న 25 శాతం మొదలైంది. రష్యా దగ్గర చమురు కొంటున్నందుకు ఇంకో 25 శాతం ఆగస్టు 27న. పాత యాంటీ డంపింగ్ వగైరాలు కలిపితే రొయ్యల మీద మొత్తం 58 శాతం దాటింది. ఆ వారమే మా చెరువు పట్టాల్సిన వారం.

పది రోజులు ఆగి చూడరా అన్నాను. అక్కగా చెప్పాను గానీ, చదువుకున్నదానిగా చెప్పాల్సిన మాట కాదది. పెరిగిన రొయ్య తినే మేత ఎక్కువ, దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువ. ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. సాగు ఖర్చులో సగానికి పైన మేతే. పైగా ఆగస్టు వానలకి నీళ్ళలో ఉప్పు శాతం మారిపోతుంది, ఒక్కసారి తెల్లమచ్చ తగిలిందంటే మూడు రోజుల్లో చెరువంతా ఖాళీ. సుంకాన్ని తొంభై రోజులు వాయిదా వేయొచ్చు, రొయ్యని వెయ్యలేం. తమ్ముడు ఆ వారమే పట్టేశాడు. మూడెకరాల మీద ఆరు టన్నులు. పిల్ల వదిలినప్పుడు వేసుకున్న లెక్క కన్నా కిలోకి అరవై రూపాయలు తక్కువ. అంటే మూడు లక్షల అరవై వేలు. లాభంలో తగ్గింది కాదండీ, మేత కొట్టుకి కట్టాల్సిన బాకీ అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేము సరుకులకి వెళితే హోల్‌సేల్ స్టోర్లో ఫ్రీజర్ దగ్గర మా వారు రొయ్యల ప్యాకెట్ తీసి చూపించారు. పోయినసారి కన్నా రెండు డాలర్లు ఎక్కువ. "చూశావా, ఇక్కడ ధర పెరిగింది. మీ తమ్ముడికి మంచిదేగా!" అన్నారు. ఆయన ఇంజనీరు. చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి ఆయన్నేమీ అనను.

ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూపించాను. రేవులో వంద డాలర్ల సరుకు దిగిందనుకోండి. 58 డాలర్ల సుంకం కట్టేది ఇక్కడ దిగుమతి చేసుకున్న వ్యాపారి. అతను ఆ 58 మొత్తం మన మీద వేస్తే మనం కొనం, చికెన్ వైపు వెళ్ళిపోతాం. అందుకని కొంత మన మీద వేస్తాడు, కొంత తను భరిస్తాడు, మిగతాది "మీరు తగ్గించి ఇవ్వండి" అని అక్కడి ఎగుమతి కంపెనీకి చెబుతాడు. ఆ కంపెనీ తన వంతు రైతు మీద వేస్తుంది. రైతు ఎవరి మీద వేస్తాడు? వాడి కింద రొయ్య తప్ప ఇంకెవరూ లేరు. పైగా ఆ పక్క గడిలోనే ఈక్వడార్ రొయ్య ఉంది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఎగుమతి చేసేది వాళ్ళే, దూరం తక్కువ, అప్పట్లో వాళ్ళ మీద వేసిన కొత్త సుంకం 15 శాతమే. అందుకే ఒకే ప్యాకెట్ మీద నేను రెండు డాలర్లు ఎక్కువ కట్టాను, మా తమ్ముడు అరవై రూపాయలు తక్కువ తీసుకున్నాడు.

అన్నట్టు, ఆ ప్యాకెట్ మీద 31/40 అని ఉంటుంది చూడండి. అది పౌనుకి ఎన్ని అని. మా ఊళ్ళో కౌంట్ అంటే కిలోకి ఎన్ని అని, అదీ తలా తొక్కా ఉన్నప్పుడు. భీమవరంలో 40 కౌంట్ రొయ్య తల తీసి, వొలిస్తే ఇక్కడ దాదాపు ఆ 31/40 సంచీలోకి వస్తుంది. ఈ లెక్క తేలినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. వెనక 'ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా చెరువుది కాకపోవచ్చు, అయినా ఆ ప్యాకెట్ ఎప్పుడు తీసినా ఒక్క క్షణం చేతిలో పట్టుకుంటాను.

లేబర్ డే సెలవులకి పిల్లల్ని గాల్వెస్టన్ తీసుకెళ్ళాం. రేవులో పడవల దగ్గర పట్టిన రొయ్యలు పట్టినట్టే అమ్ముతారు. గోధుమరంగు గడ్డం ఉన్న పెద్దాయన ఒకాయన మంచులోంచి తీసి తూచి ఇచ్చాడు. ఈసారి వ్యాపారం ఎలా ఉందని మాటవరసకి అడిగాను. మూడు పడవలుండేవట, ఇప్పుడు ఒకటే మిగిలిందట. డీజిల్ ధరకి, చెరువుల్లో పెంచి తెచ్చే రొయ్య ధరకి మధ్య తను నలిగిపోయానన్నాడు. కొడుకు ఈ పని వద్దని రిఫైనరీలో చేరాడట. "ఈ సుంకాలేవో ఇరవై ఏళ్ళ కిందటే వేసుండాల్సింది" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు.

అమెరికాలో తినే రొయ్యల్లో నూటికి తొంభైకి పైగా బయటినుంచి వచ్చేవే, అందులో అన్నిటికన్నా ఎక్కువ మన దేశానివి. అంటే ఆయన మూడు పడవలు ఒకటి కావడంలో మా ఊరి చెరువుల వంతూ ఉంది. మా తమ్ముడు రొయ్యల రైతని ఆయనకి చెప్పలేదు. రెండు పౌన్లు కొందామని వెళ్ళి నాలుగు పౌన్లు కొన్నాను. కారులో మా వారు "ఎందుకన్ని?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

సెప్టెంబరులో తమ్ముడు అడిగాడు. వాడు డబ్బు అడగడం అదే మొదటిసారి. మేత కొట్టు వాళ్ళు పాత బాకీ కట్టందే కొత్త పంటకి అరువివ్వమన్నారట. "ఐదు లక్షలక్కా. బావగారితో మాట్లాడి చెప్పు, లేకపోయినా పర్లేదు" అన్నాడు. ఆ "లేకపోయినా పర్లేదు" అనడానికి వాడు ఎంతసేపు ఆలోచించుకుని ఉంటాడో నాకు తెలుసు.

నాది హెచ్ 4. ఉద్యోగం చేసే అనుమతి ఇంకా రాలేదు. ఇంట్లో డబ్బు మనదే అని మా వారు ఎప్పుడూ అంటారు, అబద్ధమేం కాదు. కానీ మన పుట్టింటి వాళ్ళ కోసం అడగాల్సి వచ్చినప్పుడు గొంతు ఎందుకు మారుతుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక అడుగుదామనుకున్నాను. అది సెప్టెంబరు 19.

ఆ శుక్రవారం ఏమైందో మీకు తెలుసు. హెచ్ 1బికి లక్ష డాలర్లు. ఆ రాత్రి ఎవరింట్లో ఎవరు నిద్రపోయారు గనక! కొత్త దరఖాస్తులకి మాత్రమేనని మర్నాటికి వివరణ వచ్చింది, మా వారిది పాతదే. అయినా ఆయన కుదుటపడలేదు. వచ్చే ఏడాది పొడిగింపు ఉంది, అప్పటికి ఇంకేం మారుస్తారో, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి అంటున్నారు. ఆయన అన్నదీ న్యాయమే. వాషింగ్టన్‌లో పెట్టిన ఒక సంతకం డబ్బు పంపమంటోంది, ఇంకో సంతకం దాచుకోమంటోంది, రెండూ మా డైనింగ్ టేబుల్ మీదికే వచ్చి పడ్డాయి.

పది రోజులు ఆగి అడిగాను. కాగితం మీద లెక్కతో సహా. 2024 దసరాకి డాలరు 84 రూపాయలు, 2025 సెప్టెంబరు చివరికి 88 దాటింది. ఐదు లక్షలకి 2024 దసరాకైతే దాదాపు 5,950 డాలర్లు కావాలి, నేను అడిగిన రోజుకి 5,680 చాలు. రూపాయి అంత పడడానికి కారణాల్లో ఈ సుంకాలూ ఒకటి. తమ్ముడి ధర తగ్గించిన వార్తే నాకు 270 డాలర్లు మిగిల్చింది. సంతోషించడానికి మనసు రాలేదు.

మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, జనవరి నుంచి ఇండియాకి పంపే ప్రతి డాలరు మీదా 5 శాతం పోతుంది, ఇప్పుడే అంతా పంపేయండి అని పెట్టారు. అది మే నెలలో బిల్లు ముసాయిదాలో ఉన్న మాట. తర్వాత మూడున్నర అయింది, జులై 4న సంతకమైన చట్టంలో ఒక శాతానికి దిగింది. అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపేవాళ్ళకే. బ్యాంకు ఖాతా నుంచి పంపే మనకి అది వర్తించదు. కంగారుపడి క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి పంపబోయిన అమ్మాయి ఒకతి మా వీధిలోనే ఉంది, ఆపాను.

మా వారు కాగితం చాలాసేపు చూశారు. "సగం పంపుదాం. మిగతా సగం నా పొడిగింపు వచ్చాక" అన్నారు. తమ్ముడికి చెబితే "చాలక్కా" అన్నాడు. మరదలు తన గాజులు తాకట్టు పెట్టి మిగతాది సర్దిందని అమ్మ తర్వాత నోరుజారి చెప్పింది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది, జనరేటర్ మీద ఏరేటర్లు తిప్పి చిన్న చెరువు నిలబెట్టుకున్నాడు. పెద్ద చెరువులో ఈసారి రొయ్య వెయ్యలేదట. శీలావతి, బొచ్చె పిల్లల్ని వదిలాడు. చేపని మన కలకత్తా వాళ్ళే కొంటారు, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు అంటాడు. ఆస్ట్రేలియా తొక్క తీయని రొయ్యలకి అనుమతిచ్చిందని లోకేశ్ గారు ప్రకటించారట, ఆ ఆశ ఒకటి ఉంది. చిన్న చెరువు మాత్రం రొయ్యకే ఉంచాడు.

ఇప్పుడు ప్రతి శనివారం సరుకులకి వెళ్ళినప్పుడు ఫ్రీజర్ దగ్గర రెండు ఫొటోలు తీస్తాను. మనది ఒకటి, ఈక్వడార్‌ది ఒకటి, ధర చీటీలు కనబడేలా. వాడికి పంపిస్తాను. వాడక్కడ ఆదివారం పొద్దున్నే చెరువు గట్టు మీద టీ తాగుతూ చూసుకుంటాడు. మొన్న శనివారం మనది పద్దెనిమిది, వాళ్ళది పద్నాలుగు. "నాలుగు డాలర్ల తేడానా అక్కా?" అని రాసి, కాసేపాగి, "గాల్వెస్టన్ ఆయనది ఎంతుంది?" అని అడిగాడు.

వచ్చే వారం అటు వెళ్ళాలి.